యంత్రంలో నా కార్డు

మా కంపెనీలో ఐదు బస్సులుండేవి. ఐదింటికీ పక్కవైపున పొడుగు ముక్కున్న నీలం పక్షి బొమ్మ. బీడుకొండల మీద ఎగిరే కర్లూ పక్షి అది. ఊళ్లో అందరూ వాటిని కర్లూ బస్సులనే పిలిచేవారు. యజమాని స్టువర్ట్ గ్లెడ్‌హిల్. ఏడాది పొడుగునా బడిపిల్లల్ని ఈతకీ, ముసలివాళ్లని విట్బీ సముద్రానికీ తిప్పినా కంపెనీ బతికింది మాత్రం బెల్జియం ప్రయాణాల మీదే. మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన మావాళ్ల సమాధులు అక్కడున్నాయి. ఆ యుద్ధం ముగిసిన నవంబరు నెల వచ్చిందంటే చర్చి బృందాలూ బడులూ మా ఆఫీసు ఫోనుని వదిలేవి కావు.

బస్సుని దేశం దాటించాలంటే మామూలు లైసెన్సు చాలదు. అంతర్జాతీయ లైసెన్సు ఉండాలి. అది నిలవాలంటే అందుకు తగిన పరీక్ష పాసైన ట్రాన్స్‌పోర్ట్ మేనేజరు ఒకరు కంపెనీలో ఉండి, డ్రైవర్లు ఎన్ని గంటలు నడిపారో, ఎంతసేపు పడుకున్నారో, బస్సుల బ్రేకులు ఎప్పుడు చూశారో కళ్లారా చూస్తుండాలి. మా దగ్గర ఆ పని చేసే ఆర్నల్డ్‌కి ఒక ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చింది. ఆరు నెలల్లో ఇంకొకరిని చూపించకపోతే లైసెన్సు పోతుందని రవాణా కమిషనర్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది.

అప్పుడు స్టువర్ట్‌కి హేజెల్ థాక్రే గుర్తొచ్చింది.

హేజెల్ అప్పటికి యాభై ఎనిమిదేళ్ల మనిషి. బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక లారీల కంపెనీలో ఇరవై రెండేళ్లు పనిచేసింది. అక్కడ ఉండగానే సరుకు లారీలకు ఒక పరీక్ష, ప్రయాణికుల బస్సులకు ఒక పరీక్ష, రెండూ విదేశీ ప్రయాణాలతో కలిపి మొదటిసారికే పాసైంది. ఆ కంపెనీ మూతపడ్డాక మా ఊరి బడి వంటగదిలో చేరింది. ఆమె సర్టిఫికెట్‌కి గడువు లేదు. స్టువర్ట్ ఒక ఆదివారం ఆమె ఇంటికెళ్లి, పేరు రాసుకోనిస్తే చాలు, మిగతాది తను చూసుకుంటానన్నాడు.

"పేరు మాత్రమే అంటే కుదరదు స్టువర్ట్," అందిట హేజెల్. "నా పేరుంటే నేనుంటాను. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం నుంచి వస్తాను. నేను ఆపమన్న బస్సు ఆగాలి."

అన్నట్టే వచ్చింది. మొదటి నెల్లోనే మా డ్రైవర్లందరికీ ఆమె అంటే చిరాకు పుట్టింది. బస్సులో డ్రైవరు సీటు ముందు ఒక రికార్డు యంత్రం ఉంటుంది. ఎవరి పేరున్న కార్డు వాళ్లు అందులో పెడితేగానీ బండి కదపకూడదు. కదిలిన ప్రతి నిమిషం, ఆగిన ప్రతి నిమిషం ఆ కార్డులోకి ఎక్కుతుంది. హేజెల్ వాటిని కంప్యూటర్లో పెట్టి నిమిషం నిమిషం చదివేది.

"పన్నెండు నిమిషాలు, లెన్," అంది ఒక శుక్రవారం నాతో. "నలభై ఐదు నిమిషాలు ఆగాల్సిన చోట ముప్పై మూడే ఆగావు."

"టాయిలెట్ దగ్గర వరుస లేదు హేజెల్. తొందరగా అయిపోయింది."

"అయితే మిగతా పన్నెండు నిమిషాలు ఆకాశం చూస్తూ కూర్చో. ఇక్కడ సంతకం పెట్టు."

పక్కనే ఉన్న డ్రైవరు నెవిల్ స్టాట్ నవ్వాడు. "మా అమ్మ కూడా నన్నిన్ని ప్రశ్నలు అడగలేదు," అన్నాడు.

"అడిగుంటే నీకు గడియారం చూడ్డం వచ్చేది, నెవిల్."

నెవిల్‌కీ నాకూ పందొమ్మిదేళ్ల స్నేహం. నాకంటే ఎనిమిదేళ్లు చిన్నవాడు. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. బస్సెక్కిన ముసలమ్మలందరి పేర్లూ గంటలో నేర్చుకునేవాడు. కాదనడం మాత్రం చేతకాదు. స్టువర్ట్ ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసినా వచ్చేవాడు.

ఏడాది గడవకముందే హేజెల్ భర్త ఆలన్‌కి చేతులు వణకడం మొదలైంది. తర్వాత నడకలో పడిపోవడం. ఆమె బడి వంటగది పని మానేసింది. మా దగ్గరికి మంగళవారాలు రావడం మానేసింది, ఆ తర్వాత శుక్రవారాలూ. తన పేరు తీసేయమని స్టువర్ట్‌ని అడిగింది. ఆరు వారాలు ఆగు, వేరే మనిషి దొరుకుతాడు, నువ్వు ఆలన్‌ని చూసుకో అన్నాడు. ఆ ఆరు వారాలు పద్నాలుగు నెలలయ్యాయి. నెలాఖరుకి డ్రైవర్ల గంటల కాగితాలున్న ఒక కవరు ఆమె తలుపు సందులోంచి లోపల పడేది. సంతకాలతో మర్నాడు తిరిగొచ్చేది. డ్రైవర్లందరికీ ఆ సంగతి తెలుసు. ఆమె రాకపోవడం మాకు హాయిగా ఉండేది. నేను కూడా అలాగే అనుకున్నాను, ఇప్పుడు దాచి లాభం లేదు.

ఆ ఏడు అక్టోబరు మూడోవారంలో నాకు హెర్నియా ఆపరేషన్ అయింది. ఆరు వారాలు స్టీరింగ్ ముట్టుకోవద్దన్నారు డాక్టర్లు. ఇంటికొచ్చిన రెండో రోజే స్టువర్ట్ వచ్చాడు. ద్రాక్షపళ్లు తెచ్చాడు. నా భార్య గ్లెనిస్ టీ పెట్టడానికి లోపలికెళ్లగానే గొంతు తగ్గించాడు.

"నీ కార్డు ఆఫీసులో ఉంచనా లెన్? ఇక్కడుండి ఏం చేస్తుంది?"

"నెవిల్ కోసమా?"

"నేనేం అనలేదు. నువ్వేం వినలేదు. నవంబరు గడిస్తే చాలు. డ్రైవర్లు ఎక్కడా దొరకడం లేదు, నీకు తెలియందేముంది?"

నేను లేవలేను కాబట్టి, కోటు జేబులో ఉంది తీసుకోమన్నాను. అంతే జరిగింది. వాదించలేదు, భయపడలేదు. ద్రాక్షపళ్లు తీయగా ఉన్నాయని గ్లెనిస్‌తో అన్నట్టు కూడా గుర్తు.

నవంబరు పదో తారీకు గురువారం. సాయంత్రం ఆరు దాటింది. గ్లెనిస్ వంటగదిలో బంగాళదుంపల వంటకం ఓవెన్‌లో పెడుతోంది. తలుపు చప్పుడైతే నేనే వెళ్లాను. ఒంటి మీద రాత్రి బట్టలు, కాళ్లకి చెప్పులు, పొట్టమీద చెయ్యి. గుమ్మంలో ఇద్దరు పోలీసులు. ముందున్న అమ్మాయికి పాతికేళ్లుంటాయి. టోపీ తీసి చేతిలో పట్టుకుంది.

"ఇది లెనర్డ్ సట్‌క్లిఫ్ గారి ఇల్లేనా?"

"అవును."

"మిసెస్ సట్‌క్లిఫ్ ఉన్నారా? మేం లోపలికి రావచ్చా?"

"ఏమైంది?"

"మీరు ఆయనకి ఏమవుతారు సర్?"

"ఎవరికి?"

"లెనర్డ్ గారికి."

"నేనే లెనర్డ్‌ని."

ఆ అమ్మాయి వెనకున్న అతని వైపు చూసింది. అతను చేతిలో కాగితం చూశాడు. నా పుట్టిన తేదీ చదివాడు. నాదేనన్నాను. అప్పటికి గ్లెనిస్ చేతికి గుడ్డ చుట్టుకుని వచ్చి నా వెనక నిలబడి, భుజం మీద చెయ్యి వేసింది. బెల్జియంలో డన్‌కర్క్ వైపు వెళ్లే పెద్ద రోడ్డు మీద కర్లూ బస్సు ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దిందనీ, డ్రైవరు చనిపోయాడనీ, ముఖం గుర్తుపట్టేలా లేదనీ, యంత్రంలో ఉన్న కార్డు మీద నా పేరుందనీ వాళ్లు ఒక్కో మాటే చెప్పారు. నా చావు కబురు చెప్పడానికే వాళ్లు వచ్చింది.

నెవిల్, అన్నాను. అది నెవిల్.

"మీ కార్డు ఆయన దగ్గరికి ఎలా వెళ్లింది సర్?"

ఆలోచించడానికి సమయం తీసుకున్నానని చెప్పలేను. నోట్లోంచి వచ్చేసింది. "ఆఫీసులో నా అల్మరాలో ఉండాలి. తీసుకుని ఉంటాడు."

అతను రాసుకున్నాడు. గ్లెనిస్‌కి స్టువర్ట్ వచ్చిన రోజు గుర్తుంది, కోటు జేబు సంగతి తెలీదు. ఆమె నా భుజం మీది చెయ్యి తీయలేదు. నేను ఏడుస్తుంటే నెవిల్ కోసమే అనుకుంది.

మర్నాటికి వివరాలు తెలిశాయి. ముందు రోడ్డు పని జరుగుతుంటే బండ్లు బారులు తీరి ఆగాయి. బీట్‌రూట్ దుంపల లారీ ఆ వరుసలో చివర ఉంది. మధ్యాహ్నం రెండూ నలభై. ఎండగా ఉంది, రోడ్డు పొడిగా ఉంది. నెవిల్ బ్రేకు తొక్కిన గుర్తే లేదు. అతనితో పాటు ముందు వరుసలో కూర్చున్న ఇద్దరు పోయారు: ఉన్ని దుకాణం ఫిలిస్ క్రోవ్‌థర్, రిటైరైన పోస్ట్‌మన్ సిరిల్ పికల్స్. పదకొండు మంది ఆస్పత్రిలో ఉన్నారు. ఫిలిస్ తన మేనమామ సమాధి మీద పెట్టడానికి యుద్ధంలో పోయినవాళ్ల గుర్తుగా ఉన్నితో ఎర్ర గసగసాల పువ్వులు అల్లి తీసుకెళ్లింది. పెట్టి తిరిగి వస్తోంది.

నెవిల్ అప్పటికి పద్దెనిమిది రోజులుగా సెలవు లేకుండా నడుపుతున్నాడు. చట్టం ఒప్పుకునే గంటలు అయిపోయాక తన కార్డు తీసి నాది పెట్టేవాడు. కాగితం మీద చూస్తే ఇద్దరు డ్రైవర్లు, ఇద్దరూ చక్కగా నిద్రపోతున్నవాళ్లే.

పేపర్లో మాత్రం వేరేలా వచ్చింది. తోటి డ్రైవరు కార్డు దొంగిలించి నడిపాడని. నేను చెప్పిన మాటే అది, పెద్ద అక్షరాల్లో. వారం తిరగకముందే నెవిల్ భార్య షీలా కిటికీ మీద ఎవరో గుడ్లు కొట్టారు. ఆమె జుట్టు కత్తిరించే దుకాణానికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. నెవిల్ అంత్యక్రియలకి తొమ్మిది మందే వచ్చారు. గ్లెనిస్ వెళ్లింది. నేను కుట్లు నొప్పిగా ఉన్నాయన్నాను.

డిసెంబరులో స్టువర్ట్ నన్ను కార్లో ఎక్కించుకుని హేజెల్ ఇంటికి తీసుకెళ్లాడు. కమిషనర్ ముందు విచారణ ఉంటుంది, ముగ్గురం ఒకే మాట మీద ఉండాలన్నాడు. హేజెల్ బాగా చిక్కిపోయింది. ముందుగదిలోనే ఆలన్ మంచం. అతను కళ్లు తెరిచే ఉన్నాడు కానీ మావైపు తల తిప్పలేదు.

స్టువర్ట్ సంచిలోంచి ఒక రిజిస్టరు తీసి బల్ల మీద పెట్టాడు. ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం హేజెల్ ఆఫీసుకి వచ్చినట్టు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, పక్కన సంతకం.

ఆమె నాలుగు పేజీలు తిప్పింది. "ఇది నా చేతిరాత కాదు."

"నీ చేతిరాతలాగే ఉంది కదా."

"లాగే ఉంది."

"విను హేజెల్. నువ్వు వచ్చావు, చూడాల్సినవి చూశావు. నెవిల్ నీ కళ్లు గప్పాడు, నా కళ్లూ గప్పాడు. లెన్ కార్డు ఎత్తుకెళ్లాడు. పోయినవాడికి ఇప్పుడు కొత్తగా పోయేదేముంది? నువ్వు రాలేదని చెప్తే నీ పేరు పోతుంది, నా కంపెనీ పోతుంది, నలుగురి ఉద్యోగాలు పోతాయి."

"షీలా ఉంది కదా."

"ఎవరు?"

"నెవిల్ భార్య. ఆమె బతికే ఉంది."

స్టువర్ట్ నిట్టూర్చాడు. హేజెల్ నావైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు. వెనకటి శుక్రవారాల్లో పన్నెండు నిమిషాల గురించి అడిగినట్టే అడిగింది.

"లెన్, నీ కార్డు నెవిల్ దొంగిలించాడా?"

"అవును," అన్నాను తివాచీ చూస్తూ.

"సరే." రిజిస్టరు మూసి స్టువర్ట్ వైపు జరిపింది. "ఆలన్ మందు వేళయింది. మీరిద్దరూ వెళ్లండి."

కార్లో స్టువర్ట్, "మన మాటే చెప్తుందిలే, వేరే దారేముంది ఆమెకి," అన్నాడు. నేను కిటికీ అద్దం దించాను. అతను చలిగా ఉందని మళ్లీ ఎత్తాడు.

మార్చిలో లీడ్స్‌లో విచారణ జరిగింది. కోర్టు కాదు, పొడవాటి గది, మామూలు బల్లలు. కమిషనర్ బూడిదరంగు కోటు వేసుకున్న నడివయసు ఆవిడ. ఎవరి మీదా గొంతు పెంచలేదు. వెనక వరుసలో షీలా ఒక్కతే కూర్చుంది. ముందు స్టువర్ట్ చెప్పాడు. రిజిస్టరు చూపించాడు. తర్వాత హేజెల్‌ని పిలిచారు.

"మీరు వారానికి రెండు సార్లు ఆఫీసుకి వెళ్లేవారా?" అని అడిగింది కమిషనర్.

"మొదటి ఏడాది వెళ్లాను మేడమ్. ఆ తర్వాత పద్నాలుగు నెలలు ఒక్కరోజు కూడా వెళ్లలేదు. ఆ రిజిస్టరులో సంతకాలు నావి కావు. కానీ నెలవారీ కాగితాల మీదవి నావే."

"చదివి పెట్టారా?"

"లేదు."

స్టువర్ట్ లాయరు ఏదో అనడానికి లేవబోయాడు. కమిషనర్ చేత్తో ఆగమంది.

"అక్టోబరు కాగితం ఇప్పుడు చదివాను," అంది హేజెల్. "మొన్న మీరు పంపాక. అందులో లెనర్డ్ సట్‌క్లిఫ్ ఇరవై నాలుగు నుంచి ఆరు రోజులు బస్సు నడిపినట్టు ఉంది. ఆ వారం అతను ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్నాడు. నాకు తెలుసు. బఠాణీ సూప్ చేసి నేనే వాళ్లింటికి పంపాను. నేను ఆ కాగితం మీద నవంబరు రెండున సంతకం పెట్టాను. ప్రమాదం పదో తారీకున జరిగింది. ఆ పేరు మీద ఒక్కసారి నా కళ్లు పడి ఉంటే ఫోన్ చేసేదాన్ని. బస్సు ఆగేది."

కమిషనర్ కాసేపు రాసుకుంది. "మీ భర్త ఆరోగ్యం గురించి మీ దగ్గర పత్రాలున్నాయా? అవి కూడా చూస్తాను."

"ఉన్నాయి మేడమ్. కానీ అవి నా సంతకానికి సమాధానం కావు."

ఆమె వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. తర్వాత నా పేరు పిలిచారు.

లేచేటప్పుడు నేనేం చెప్పాలో నాకింకా తెలీదు. ఇంటి దగ్గర అద్దం ముందు నేర్చుకున్నది వేరు. కమిషనర్ అదే ప్రశ్న అడిగింది, పోలీసు అడిగిన ప్రశ్న. ఆయన దగ్గరికి మీ కార్డు ఎలా వెళ్లింది?

"నేనే ఇచ్చాను," అన్నాను. "స్టువర్ట్ వచ్చి అడిగాడు. నెవిల్ కోసమేనని తెలిసే ఇచ్చాను. దొంగిలించాడని పోలీసులతో అబద్ధం చెప్పాను. నెవిల్ ఎవరిదీ ఏదీ దొంగిలించలేదు."

నా వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. తిరిగి చూసేసరికి షీలా లేదు.

నాలుగు వారాలకి తీర్పు ఉత్తరంలో వచ్చింది. కర్లూ కంపెనీ లైసెన్సు రద్దు. ఇకమీదట స్టువర్ట్ ఏ లైసెన్సూ పెట్టుకోకూడదు. హేజెల్ నిజం చెప్పిన సంగతిని గుర్తించారు, కానీ బాధ్యత ఒప్పుకోవడం బాధ్యత నిర్వహించడం కాదని రాశారు. ఆమె ఇక ఎక్కడా, ఏ దేశంలోనూ ట్రాన్స్‌పోర్ట్ మేనేజరుగా ఉండటానికి వీల్లేదు. నా బస్సు లైసెన్సు తీసేశారు. ఆ తర్వాత అసలు కోర్టు. దొంగ రికార్డులకి స్టువర్ట్‌కి రెండున్నరేళ్ల జైలు. నాకు ఎనిమిది నెలలు, కానీ వయసు చూసి జైలుకి పంపకుండా వదిలారు. ఆ మాట విన్నప్పుడు ఊరట కలగలేదు. వారం రోజుల తర్వాత గ్లెనిస్, "నా చెయ్యి నీ భుజం మీద ఉన్నప్పుడే అబద్ధం చెప్పావు," అంది. ఇప్పటికీ మేం ఒకే ఇంట్లో ఉన్నాం.

కోర్టు దాకా రాకముందే, ఏప్రిల్లో ఆలన్ పోయాడు. నేను వెళ్లినప్పుడు హేజెల్ అతని మంచం విప్పుతోంది. ఒక చివర నేను పట్టుకున్నాను. సర్టిఫికెట్ ఏం చేశావని అడగాలనుకుని అడగలేదు. ఆమె వైపునుంచి నామీద నింద ఏదీ రాలేదు. "సాయంత్రాలు ఏం చెయ్యాలో తెలీడం లేదు లెన్," అంది అంతే. వేసవిలో ఆమె తన చెల్లెలున్న స్కార్‌బరో వెళ్లిపోయింది.

షీలా దగ్గరికి మూడుసార్లు వెళ్లాను. రెండుసార్లు తలుపు తీయలేదు. మూడోసారి తీసి గుమ్మంలోనే నిలబడింది.

"క్షమాపణ చెప్పడానికైతే ఉత్తరం రాయి. చదవాలనిపిస్తే చదువుతాను."

"ఏదైనా చెయ్యగలిగితే..."

"నీకు కారు లైసెన్సు ఉందా ఇంకా?"

ఉందన్నాను.

"నాకు ఆ చోటు చూడాలనుంది. నడపడానికి నాకెవరూ లేరు. నువ్వొస్తావా?"

అలా సెప్టెంబరులో ఇద్దరం హల్ రేవులో ఓడెక్కాం. దారంతా ఆమె నాతో పది మాటలు కూడా మాట్లాడలేదు. ఓడ దిగాక దక్షిణంగా మూడు గంటలు నడిపాను. ఆ రోడ్డు నాకు బాగా తెలుసు. పెద్ద రోడ్డు, మధ్యలో ఆగడానికి వీల్లేదు. కిలోమీటరు రాయి అంకె పోలీసు కాగితంలో ఉంది. దగ్గరికొస్తుంటే చెప్పాను. పక్కన కొత్త ఇనుప కంచె, పాతదాని కంటే తెల్లగా. అంతే ఉంది అక్కడ. మూడు సెకన్లలో దాటిపోయాం.

"ఇదేనా?"

"ఇదే."

"ఇంకోసారి," అంది.

ముందు వచ్చిన చోట పెద్ద రోడ్డు దిగి, వంతెన దాటి, వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చాను. ఈసారి ఆమె ముందే కిటికీ దించుకుంది. గాలికి జుట్టు ముఖం మీద పడినా తీసుకోలేదు. మళ్లీ అదే మాట అంది. మళ్లీ తిరిగి వచ్చాను. నాలుగోసారికి ఆమె కంచె వైపు చూడలేదు. ముందున్న రోడ్డు చూసింది, నెవిల్ చూడకుండా నిద్రపోయిన రోడ్డు.

"ఆ మంగళవారం ఫోన్లో అన్నాడు," అంది. "గురువారం ఇంటికొచ్చి రెండు రోజులు లేవనన్నాడు. నన్ను లేపొద్దన్నాడు."

ఆమె కిటికీ ఎత్తింది.

"చాలు," అంది. "ఎక్కడైనా ఆపు. నాకు ఆకలేస్తోంది."

తర్వాతి ఊళ్లో రోడ్డు పక్కన బండి దగ్గర బంగాళదుంప వేపుళ్లు కొన్నాం. ఇద్దరం కారు ముందు భాగానికి ఆనుకుని నిలబడి, అయిపోయేదాకా తిన్నాం.